రోజుకొక్క పేజీ, అది మీ చేతి గుర్తు

పెద్దవూర నుంచి ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. పేరు అచ్చు వేయొద్దంది కాబట్టి వేయడం లేదు. “అక్కా, పొద్దున నాలుగున్నరకు లేస్తా. సాన్పు చల్లి ముగ్గు పెడతా. తొమ్మిదయ్యేసరికి అది బండ్ల కింద పోతది. వంట చేస్తా, పన్నెండింటికల్లా గిన్నెలు ఖాళీ. బట్టలు ఉతుకుతా, మర్నాటికి మళ్ళీ మాసినయే. రాత్రి పండుకునేటప్పుడు ఇవ్వాళ నేనేం చేసిన అని చూసుకుంటే ఏదీ కనబడదు. మొన్న కిరాణా చీటీ రాస్తుంటే నా చేతిరాత నాకే కొత్తగా అనిపించింది. పదో తరగతిలో సైన్సు రికార్డు బొమ్మలు నావే బాగుంటాయనేటోళ్ళు. ఇప్పుడు ఆ చెయ్యి ఏమైంది?” అని అడిగింది.

ఈ మాటలు చదవగానే “అచ్చం నా సంగతే!” అనుకున్నారు కదూ? ఇంటి పని తీరే అంత. చేసింది చేసినట్టే కరిగిపోతుంది. మనం చేయకపోతేనే అది కనబడుతుంది గాని, చేస్తే ఎవరి కంటికీ ఆనదు. ఆ పనిని నేను తగ్గించలేను. కాని రోజులో ఒక్క పది నిమిషాలు, మీరు చేసింది మర్నాటికి కూడా చెక్కుచెదరకుండా ఉండే పని ఒకటి చెబుతాను. అదే కాగితాల పుస్తకం. పాత నోటుబుక్కులో రోజుకో పేజీ. ఆ పేజీలో కత్తిరించి అంటించినదో, గీసినదో, మడిచినదో ఏదో ఒకటి. కింద తేదీ, మీ పేరు. అంతే!

మనకిది కొత్తేమీ కాదు

మీ అమ్మగారి ట్రంకు పెట్టె అడుగున వెతకండి. ముగ్గుల పుస్తకం దొరుకుతుంది. పెళ్ళయి వచ్చేటప్పుడు చీరల మధ్య పెట్టి తెచ్చుకున్నది. బడి నోటుబుక్కులో మిగిలిన పేజీల మీద పెన్సిలుతో చుక్కలు, వాటి చుట్టూ మెలికలు. పక్కనే “15 చుక్కలు, 8 వచ్చేవరకు, సందు చుక్క” అని రాసి ఉంటుంది. ఆ ఒక్క ముక్కలో ముగ్గంతా ఉంది. మధ్యలో 15 చుక్కల వరుస, దానికి అటూ ఇటూ సందుల్లో 14, 13, 12 ఇలా తగ్గుకుంటూ 8 దాకా. కూడితే మొత్తం 169 చుక్కలు. కూడికలు రావని మనల్ని వెక్కిరించే వాళ్ళను ఈ లెక్క చేయమనండి చూద్దాం!

ఇందులో ఉన్న లెక్కను చదువుకున్నవాళ్ళు గుర్తించారు కూడా. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఆచార్యులుగా పనిచేసిన గిఫ్ట్ సిరోమణి గారు, తోటివారితో కలిసి, 1970లలోనే తమిళనాడు ముగ్గుల మీద పరిశోధన చేశారు. ముగ్గు గీసే పద్ధతిని కంప్యూటరు శాస్త్రంలోని సూత్రాలుగా రాసి చూపారు. మన వాకిట్లో గీతకు అంత విలువ ఉందన్నమాట.

ధనుర్మాసం సంగతి చెప్పనే అక్కర్లేదు. నెల పొడుగునా రోజుకో కొత్త ముగ్గు. నిన్నటిది ఇవ్వాళ వేస్తే ఎదురింటి వదినె నవ్వుతుందని రాత్రే కాగితం మీద గీసి చూసుకునేవాళ్ళం. మంచమంతా పుస్తకాలు పరుచుకుని వెతికేవాళ్ళం. ఎవరో నేర్పకుండానే, రోజూ కొత్తది చేసే అలవాటు మన ఇళ్ళల్లో ఉండేది.

ఇంకొకటి కూడా ఉండేది. వారపత్రికల్లోంచి కత్తిరించి దాచిన కాగితాలు. మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభ వారపత్రికలో నలభై ఏళ్ళకు పైగా నడిపిన ‘ప్రమదావనం’ శీర్షికను వారం వారం కత్తిరించి కుట్టి దాచుకున్న ఇల్లాళ్ళు ఉన్నారు. స్వెట్టరు అల్లిక, ఆవకాయ కొలత, పసిపిల్లకు జ్వరం వస్తే ఏం చేయాలి, అన్నీ ఆ కుట్టిన కాగితాల్లోనే. ఇప్పుడు మనం ఆ అలవాటునే మళ్ళీ పట్టుకుంటున్నాం. కాకపోతే ఈసారి ఇతరులు చెప్పినదాన్ని దాచుకోవడంతో ఆగం, మన చేతిదీ కలుపుతాం.

డెబ్భై రెండేళ్ళకు మొదలుపెట్టిన ముసలమ్మ

“ఇప్పుడు ఈ వయసులోనా?” అని దీర్ఘం తీసే వాళ్ళ కోసం ఒక కథ. ఇది నిజంగా జరిగింది. ఇంగ్లాండులో మేరీ డెలానీ అని ఒకావిడ. 1700లో పుట్టింది. 1768లో భర్త పోయాడు. నాలుగేళ్ళ తర్వాత, 72 ఏళ్ళ వయసులో, ఒక పువ్వు రెక్క రంగూ తన దగ్గరున్న కాగితం రంగూ ఒక్కలాగే ఉన్నాయని గమనించింది. కత్తెర తీసుకుని, పువ్వును చూస్తూ కాగితాన్ని రెక్కలుగా, కేసరాలుగా, ఈనెలుగా సన్నగా కత్తిరించింది. నల్ల కాగితం మీద ఒక్కొక్క ముక్కే అంటించింది. చూసినవాళ్ళు నిజం పువ్వే అనుకున్నారట!

అక్కడితో ఆగలేదు. పదేళ్ళపాటు చేసింది. 82 ఏళ్ళకు చూపు మందగించి కత్తెర పక్కన పెట్టేనాటికి 985 పువ్వులు పూర్తయ్యాయి. ఆ సంపుటాలు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆమె వాడింది ఏమిటి? కాగితం, కత్తెర, జిగురు, రంగులు. ఇవన్నీ మన ఇంట్లో లేనివా?

ఈ కథ చెప్పడానికి ఇంకో కారణం ఉంది. మన దగ్గర ఇప్పటికీ కొన్ని ఇళ్ళల్లో భర్త పోయిన ఆడమనిషిని పండుగ పూట వాకిట్లో ముగ్గు పెట్టనివ్వరు. నిన్నటిదాకా ఊరందరికీ ముగ్గు నేర్పిన చెయ్యి ఒక్కరోజుతో అపశకునమైపోతుందా? ఈ పట్టింపు పోవాలి. కోడళ్ళే చొరవ చేసి, “అత్తమ్మా, నువ్వే వెయ్యి” అని ముగ్గు గిన్నె చేతికివ్వాలి. అంతదాకా ఆమె చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిన పని లేదు. పుస్తకానికి గడప లేదు, శకునం లేదు. మీ ఇంట్లో అలాంటి పెద్దావిడ ఉంటే ఈ వారం ఆమెకో నోటుబుక్కు, ఒక పెన్సిలు ఇవ్వండి. ఆమెకు గుర్తున్న ముగ్గులన్నీ ముందు కాగితం మీదికి రానివ్వండి. ఆమెతో పాటు అవి పోతే మళ్ళీ ఎవరూ తెచ్చివ్వలేరు.

కావలసినవి

పిల్లలు సగం రాసి వదిలేసిన లాంగు నోటుబుక్కు - 1 (లెక్కల గళ్ళ పుస్తకమైతే ముగ్గులకు, అల్లికలకు మరీ మంచిది)
చిన్న కత్తెర - 1
పెన్సిలు, బాల్‌పెన్ను - ఒక్కోటి
స్కేలు - 1
పాత పెళ్ళి కార్డులు, కేలండరు కాగితాలు, అగ్గిపెట్టె బొమ్మలు, సబ్బు అట్టలు, మిఠాయి డబ్బాల రంగు కాగితాలు - దొరికినన్ని
మైదా - 1 చెంచా

వీటన్నిటినీ ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టి, మీ చేతికందే చోట ఉంచండి. అటక మీద పెడితే ఆ రోజే మానేసినట్టు! కొత్తగా ఏమీ కొనకండి. అందమైన పుస్తకం కొంటే మొదటి పేజీ పాడవుతుందేమోనని చెయ్యి వణుకుతుంది. పాత పుస్తకానికి ఆ బాధ లేదు.

జిగురు: చెంచాడు మైదాను రెండు చెంచాల చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలపండి. మరో నాలుగు చెంచాల నీళ్ళు మరగనిచ్చి, ఇది అందులో పోస్తూ సన్నసెగ మీద తిప్పండి. పాలలా ఉన్నది గాజులా మెరిసే రంగుకు వస్తే దించేయండి. చల్లారాక వాడాలి. రెండు రోజులకు మించి నిలవ ఉండదు కాబట్టి కొద్దికొద్దిగానే చేసుకోండి. జిగురును పల్చగా, అంచుల దాకా రాయాలి. ఎక్కువ రాస్తే కాగితం తడి పీల్చి ఉబ్బుతుంది, ఆరాక ముడతలు పడుతుంది. అంటించాక పైన ఒక పాత ప్లాస్టిక్ కవరు ముక్క వేసి, పుస్తకం మూసి, దాని మీద బియ్యం డబ్బా పెట్టండి. తెల్లారేసరికి చదునుగా ఉంటుంది.

ఒక చిట్కా: న్యూస్ పేపరును పైనుంచి కిందికి చింపి చూడండి, తిన్నగా చిరుగుతుంది. అడ్డంగా చింపితే వంకరలు పోతుంది. కాగితంలో పోగులు ఎక్కువగా ఒకే దిక్కుకు పడి ఉండటమే కారణం. బట్టకు నిలువు పోగు, అడ్డ పోగు ఉన్నట్టే అనుకోండి. కాగితాన్ని మడిచేటప్పుడు ఆ పోగు వెంబడి మడిస్తే మడత శుభ్రంగా వస్తుంది, పగలదు.

ఎప్పుడు కూర్చోవాలి?

“తీరిక దొరికినప్పుడు చేస్తా” అనుకుంటే ఈ జన్మలో చేయరు. తీరిక దానంతటది రాదు. రోజూ తప్పకుండా జరిగే ఒక పనికి దీన్ని ముడేయండి. మధ్యాహ్నం గిన్నెలు కడిగి చేతులు తుడుచుకోగానే. లేదా సాయంత్రం చాయ్ తాగిన గ్లాసు కింద పెట్టగానే. ఆ పని అయింది అంటే డబ్బా మూత తీయాల్సిందే. గడియారం చూసుకోండి, పది నిమిషాలు చాలు. పేజీ నిండాలని కూడా లేదు. అరచెయ్యంత జాగా నిండితే ఆ రోజు బాకీ తీరినట్టే.

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు కొత్త అలవాట్లు ఎలా కుదురుతాయో 96 మందిని 12 వారాల పాటు అడిగి తెలుసుకున్నారు. అది 2010లో అచ్చయింది. ఒక పని ఆలోచించకుండా చేసే అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పడుతుందని తేలింది. కొందరికి 18 రోజులే, మరికొందరికి 254 రోజుల దాకా పట్టొచ్చని లెక్కగట్టారు. కాబట్టి పది రోజులకే “నాకు కుదరడం లేదు” అని దిగులు పడకండి. ఇంకో మంచి మాట కూడా వాళ్ళు చెప్పారు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటేమీ చెడిపోదట.

ఇది మనకు బతుకమ్మ ఎప్పుడో చెప్పింది! ఎంగిలిపూల బతుకమ్మతో మొదలుపెట్టి అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల బతుకమ్మల దాకా వరుసగా పేరుస్తాం. ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు పేర్చం, నైవేద్యం లేదు. అయితే పండుగ ఆగిపోయిందా? ఏడో రోజు వేపకాయల బతుకమ్మ, ఆ తర్వాత వెన్నముద్దలు, తొమ్మిదో రోజు ఊరంతా కదిలే సద్దుల బతుకమ్మ. మీ పుస్తకంలోనూ ఒక రోజు తప్పితే ఆ పేజీ మీద తేదీ వేసి “అలిగిన రోజు” అని రాసి వదిలేయండి. పిల్లకు జ్వరమో, ఇంటికి చుట్టాలో, నడుము నొప్పో, కారణం ఒక్క ముక్కలో రాయండి. అదీ మీ జీవితంలోని పేజీనే. మర్నాడు మాత్రం డబ్బా మూత తీయాలి సుమా!

మొదటి వారానికి ఏడు పేజీలు

ఏం చేయాలో తోచక కూర్చుంటే పది నిమిషాలూ అందులోనే పోతాయి. అందుకే మొదటి వారం నేనే చెబుతున్నాను.

సోమవారం: ఇవ్వాళ పొద్దున వాకిట్లో వేసిన ముగ్గునే గీయండి. ఎన్ని చుక్కలో, ఎదురు చుక్కో సందు చుక్కో పక్కన రాయండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ పేరు కూడా.

మంగళవారం: రంగు కాగితాన్ని నలుచదరంగా కత్తిరించి మూడుసార్లు సగానికి మడవండి. ఎనిమిది పొరలవుతాయి. అంచుల్లో చిన్న చిన్న గంట్లు కత్తిరించి విప్పండి. ఒక్క గంటు ఎనిమిది చోట్ల పూస్తుంది. చీకటి రంగు కాగితం మీద అంటిస్తే జాలీలా ఉంటుంది.

బుధవారం: పెరట్లో నుంచో, పొలం గట్టు నుంచో ఒక ఆకు, ఒక పువ్వు. గునుగు, తంగేడు కాలమైతే అవే. పాత న్యూస్ పేపరు మడతల్లో పెట్టి బియ్యం డబ్బా కింద వారం పది రోజులు ఉంచాలి, తర్వాతే అంటించాలి. ఈ రోజు పేజీలో దానికి జాగా వదిలి, పేరు రాసి పెట్టండి. గునుగు చాలాకాలం అలాగే ఉంటుంది. తంగేడు పసుపు మెల్లగా వెలుస్తుంది, ఆశ్చర్యపోకండి.

గురువారం: ప్రయాణం పేజీ. హాలియాకో మిర్యాలగూడకో పోయివచ్చిన బస్సు టికెట్టు అంటించండి. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం మొదలైనప్పుడు చేతికిచ్చిన మొదటి జీరో టికెట్టును దాచుకున్నవాళ్ళుంటే అది చరిత్రే! ఒక జాగ్రత్త. యంత్రంలోంచి వచ్చే ఆ టికెట్లు వేడితో అచ్చయ్యేవి, కొన్నాళ్ళకు అక్షరాలు మాయమవుతాయి. కాబట్టి తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికో, ఎందుకు పోయారో పక్కన బాల్‌పెన్నుతో రాయండి.

శుక్రవారం: అమ్మమ్మ వంట ఒకటి. “గిద్దెడు, సోలెడు, పిడికెడు” అని ఆమె ఎలా చెప్పిందో అలాగే రాయండి. ఆ సోల ఇంకా ఇంట్లో ఉంటే, ఇప్పటి గ్లాసుతో కొలిచి ఎంతవుతుందో కూడా రాయండి. మీ బిడ్డకు అక్కరకొస్తుంది.

శనివారం: గళ్ళ కాగితం మీద చీర అంచు. మన పాత నల్లగొండ జిల్లాలోని పోచంపల్లి, పుట్టపాక చేనేతలో డిజైన్లు ముందు గ్రాఫు కాగితం మీదే పుడతాయి. ఏ గడికి ఏ రంగో గీసుకుని, దాని ప్రకారం నూలుకు ముళ్ళు కట్టి అద్దకం వేస్తారు. మీకిష్టమైన చీర అంచును గడి గడిగా రంగు పెన్సిలుతో నింపి చూడండి. నేతగాళ్ళ ఓపిక ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

ఆదివారం: సాగర్ పేజీ. పెద్దవూర వాళ్ళకు సాగర్ ఇంటి పక్కదే కదా! చుట్టాలొస్తే డ్యాం చూపించి తీసుకొస్తారు. ఈసారి లాంచీ మీద నాగార్జునకొండ మ్యూజియానికి వెళితే రాళ్ళ మీద చెక్కిన పద్మాలను నిదానంగా చూడండి. ఒక్కో పద్మానికి ఎన్ని వరుసల రెక్కలో లెక్కపెట్టి, ఇంటికొచ్చి కాగితంతో కత్తిరించి అంటించండి. వెళ్ళడం కుదరకపోతే గుర్తున్నంత మేరకు గీయండి.

ఆ నాగార్జునకొండలో ఒక సంగతి మనకు చాలా ముఖ్యం. సుమారు 1700 ఏళ్ళ కిందట, ఇక్ష్వాకు రాజుల కాలంలో, అక్కడి మహాచైత్యాన్ని కట్టించడంలో ముందు నిలిచింది ఒక ఆడమనిషి, చాంతిసిరి. రాజు చాంతమూలుడి తోబుట్టువు. తను చేసిన దానం, తన పేరు రాతి స్తంభాల మీద చెక్కించింది. బోధిసిరి అనే మరో ఉపాసిక కూడా అలాగే రాయించింది. డ్యాం నీళ్ళలో ఆ లోయ మునగకముందు, 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి ఎన్నింటినో కొండపైకి చేర్చారు. పేరు చెక్కి ఉంది కాబట్టే ఇవ్వాళ ఆమె ఎవరో మనకు తెలిసింది. మీ పేజీ కింద మీ పేరు రాయమని నేను పట్టుబట్టేది అందుకే. “పింకీ వాళ్ళమ్మ” అని కాదు, మీ పేరు!

“ఇదేం పని?” అంటే

అంటారు. తప్పకుండా అంటారు. “చిన్నపిల్లలాగ ఈ కాగితాలేంది?” అని అత్తగారు, “దీంతో పైసలొస్తయా?” అని ఆయన. కోపం తెచ్చుకోకండి. ఆయన పది నిమిషాలు ఫోన్లో క్రికెట్టు చూస్తే పైసలు రావు కదా, అయినా ఎవరూ అడగరు. మనసుకు ఊపిరి కావాలని ఆయనకు తెలుసు. మీకూ కావాలని నెమ్మదిగా చెప్పండి. అత్తగారిని మాత్రం వాదించి గెలవొద్దు. సోమవారం పేజీ తెరిచి, “మీ చిన్నప్పటి ముగ్గు ఒకటి చెప్పండత్తమ్మా, నాకు రావడంలేదు” అనండి. ఆ సాయంత్రం పెన్సిలు ఎవరి చేతిలో ఉంటుందో చూడండి!

“ఫోనులో ఫోటో తీస్తే సరిపోదా?” అని అమ్మాయిలు అడుగుతారు. తీయండి, మంచిదే. కాని ఆ ఫోటో వెయ్యి ఫోటోల మధ్య పడిపోతుంది, ఫోను పాడైతే దాంతోపాటే పోతుంది. పైగా చూడటం వేరు, చేయడం వేరు. కత్తెర పట్టిన పది నిమిషాలూ రేపటి కూర గురించి, కరెంటు బిల్లు గురించి ఆలోచన రాదు. కన్నూ చెయ్యీ ఒకే చోట ఉంటాయి. ఆ ఊరటను ఫోటో ఇవ్వదు.

ఇంకో మాట. పక్కింటావిడ పుస్తకంతో పోల్చుకోకండి. వంకర గీత వచ్చినా చింపి పారేయొద్దు. ఇది పోటీకి పంపేది కాదు. మొదటి పేజీనీ అరవయ్యో పేజీనీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే, మీ చెయ్యి ఎంత కుదురుకుందో మీకే తెలుస్తుంది.

పుస్తకం భద్రం

మైదా జిగురు వాసనకు పురుగులు, బొద్దింకలు వస్తాయి. పేజీ బాగా ఆరాకే మూయండి. బాగా ఎండిన వేపాకులు నాలుగు పలచని బట్టలో కట్టి పెట్టెలో ఉంచండి, నెలకోసారి మార్చండి. వానాకాలం పోయాక ఒక పూట నీడలో గాలికి పెట్టండి. ఎండలో వద్దు, రంగులు వెలుస్తాయి. స్కెచ్ పెన్నుతో రాసింది తడి తగిలితే పాకుతుంది. కలకాలం ఉండాలనుకున్నది పెన్సిలుతోనో బాల్‌పెన్నుతోనో రాయండి. అన్నిటికన్నా ముఖ్యం, పాత పేపర్లవాడికి నోటుబుక్కులు తూకానికి వేసే రోజు మీరు దగ్గరుండండి. ముగ్గుల పుస్తకాలు ఎన్నో ఆ తరాజులోనే పోయాయి!

మరి పెద్దవూర చెల్లెలూ, మీరందరూ, ఈ సోమవారమే మొదలుపెడతారు కదూ? వచ్చే వారం పాత పెళ్ళి కార్డులతో ఈ పుస్తకానికి అట్ట ఎలా వేసుకోవాలో, విడి పేజీలను సూది దారంతో ఎలా కుట్టుకోవాలో చెబుతాను. అప్పటికి మీ దగ్గర ఏడు పేజీలు ఉండాలి. ఆరు ఉండి, ఒకటి “అలిగిన రోజు” అయినా సరే!